ఒకటిని ఏడు చేశాను

నాలుగేళ్ళుగా ఒక అంకె నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. లేక మీరు నన్ను వెతికి పట్టుకోలేరన్న ధైర్యం వచ్చాకే నోరు తెరుస్తున్నానా? ఈ అనుమానాన్ని ముందే మీ ముందు పెడుతున్నాను. నేను రాసే ప్రతి మాట వెనుకా ఇంకేదైనా కారణం ఉందేమో చూస్తూ చదవండి. మీ స్థానంలో ఉంటే నేను అలాగే చదివేదాన్ని. మనుషులనూ అలాగే చదివాను. ఆ చదువే నన్ను ఇక్కడిదాకా తెచ్చింది.

మాది విజయవాడ. ఇంగ్లీషులో ఎమ్మే చేశాను. మా ఆయన ఇంజనీరు. కువైట్ వచ్చిన కొత్తలో ఇంట్లో ఖాళీగా ఉండలేక హవల్లీలో ఒక చిన్న ఆఫీసులో చేరాను. కింద దర్జీ దుకాణం, మూడో అంతస్తులో మేము. యజమాని కువైటీ. వారానికొకసారి వచ్చి, ఖహ్వా కాఫీ తాగి వెళ్ళిపోయేవాడు. ఆఫీసు నడిపేది ప్రకాశ్ గారని హైదరాబాదు ఆయన. అమెరికా కంపెనీ ఒకటి పాత కాగితాల ఫోటోలు పంపేది. వాటి మీది చేతిరాత చదివి కంప్యూటర్లోకి ఎక్కించడం మా పని.

అవి నూటయాభై ఏళ్ళ కిందటి కాగితాలు. అమెరికాలో చిన్న చిన్న ఊళ్ళ కోర్టులవి. వేరే దేశాల నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళు ఆ కోర్టుకు వెళ్ళి, మా పాత రాజుతో మాకిక సంబంధం లేదు, ఇకనుంచి మేము ఈ దేశపు మనుషులమే అని ప్రమాణం చేసేవాళ్ళు. వాళ్ళతో ఒక సాక్షి వచ్చేవాడు. ఈ మనిషి నాకు ఐదేళ్ళుగా తెలుసు, మంచివాడు అని సాక్షి చెప్పాలి. గుమస్తా రాసుకునేవాడు. అంతే, పౌరుడైపోయేవాడు. చదువు రానివాళ్ళు సంతకం చోట ఇంటూ గుర్తు పెట్టేవాళ్ళు. పదిహేనేళ్ళు ఉన్నా, యాభై ఏళ్ళు ఉన్నా నివాస అనుమతి ఇఖామాను రెన్యూ చేయించుకుంటూ బతకవలసిన మేము, ఒక్క ఉదయంలో దేశం సంపాదించుకున్నవాళ్ళ పేర్లను రోజంతా టైపు చేసేవాళ్ళం. మొదట్లో దాని మీద నవ్వుకునేవాళ్ళం. తర్వాత అలవాటైపోయింది.

నాకు మాత్రం ఆ కాగితాలు వేరే అలవాటు నేర్పాయి. ఒక ఊరి కోర్టులో వరసగా సాక్షి పేరు ఒకటే కనిపించేది. ఆయన సారాయి దుకాణం నడిపేవాడని పక్కన రాసి ఉండేది. ఒకే రోజు ఒకాయన అంతమందిని ఐదేళ్ళుగా ఎలా ఎరుగుతాడు? డబ్బు తీసుకున్నాడా, ఓట్ల కోసం చెప్పించారా? అలా ఆలోచించడం మొదలుపెట్టాక ఏ కాగితం చూసినా దొంగ సాక్ష్యమే అనిపించేది. కాగితాల దగ్గర ఆగలేదు. పాలు పోసేవాడు, పక్క ఫ్లాటు ఆవిడ, మా ఆయన ఫోనులో నవ్వుతూ మాట్లాడే స్నేహితుడు, అందరి మాట వెనుకా ఏదో వెతికేదాన్ని. నీకు ఎవరి మీదా నమ్మకం ఉండదా అని మా ఆయన ఒకసారి అడిగారు. ఆ ప్రశ్న ఎందుకు అడిగారా అని రెండు రోజులు ఆలోచించాను.

ఆ ఆఫీసుకే ఆమె వచ్చింది. అసలు పేరు రాయను. రెడ్డెమ్మ అంటాను.

అన్నమయ్య జిల్లా. రుమైథియాలో ఒక టీచరమ్మ ఇంట్లో ఏడేళ్ళు ఇంటిపని చేసింది. ఇంటిపని వీసా మీద ఉన్నవాళ్ళు కంపెనీ వీసాకు మారవచ్చని ప్రభుత్వం కొన్నాళ్ళు వీలు ఇచ్చినప్పుడు, ఆ టీచరమ్మ, ఇక్కడి పనివాళ్ళ మాటలో మామా, తనను వదిలేస్తున్నట్టు రిలీజ్ కాగితం మీద సంతకం చేసి, నీకు చదువు వచ్చు కదా, వేరే పని చూసుకో అని పంపిందట. ఇంటి యజమానురాలు తన పనిమనిషిని అలా పంపడం నేను వినలేదు. అదీ అనుమానమే నాకు.

ఇంటర్ దాకా చదివింది. మాట్లాడితే ఇంగ్లీషు తడబడేది. కానీ చేతిరాత చదవడంలో మా ఆఫీసులో ఎవరూ ఆమెకు సాటి వచ్చేవాళ్ళు కాదు. సిరా అలుక్కుపోయిన చోట, అక్షరాలు గొలుసుల్లా ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న చోట, మేమంతా భూతద్దాలు పెట్టుకుని కూర్చుంటే ఆమె ఒకసారి తల వాల్చి చూసి చెప్పేసేది. వాళ్ళ నాన్న రిజిస్ట్రారాఫీసు ముందు చెట్టు కింద బల్ల వేసుకుని దస్తావేజులు రాసేవాడట. చిన్నప్పుడు పాత పత్రాలు ఆమె చేత చదివించేవాడట. చేయి ఎవరిదో తెలిస్తే అక్షరం అదే తెలుస్తుందని ఆయన చెప్పేవాడని ఒకసారి అన్నది. నేను నమ్మలేదు. ఎమ్మే చదివిన నాకు రాని రాత ఇళ్ళు తుడిచిన మనిషికి ఎలా వస్తుంది? ఈ వాక్యాన్ని అప్పుడు ఇంత పచ్చిగా అనుకున్నానా? అనుకున్నాను. దాచి ప్రయోజనం లేదు.

సారాయి దుకాణం సాక్షి గురించి ఆమెతో ఒకసారి అన్నాను, చూడు, ఎన్ని అబద్ధాలు చెప్పాడో అని. ఆమె, తెలియకపోయినా చెప్పి ఉంటాడక్కా, ఎవరో ఒకరు చెప్పకపోతే వాళ్ళు యాడికి పోతారు అన్నది. అబద్ధాన్ని ఇంత తేలిగ్గా వెనకేసుకొచ్చే మనిషి ఎలాంటిదో అనుకున్నాను.

మా పనికి ఒక పద్ధతి ఉంది. అది చెబితే తప్ప నేను చేసింది మీకు తెలియదు. ఒక్కో కాగితాన్ని ఇద్దరు, ఒకరిది ఒకరు చూడకుండా టైపు చేస్తారు. ఇద్దరూ ఒకటే కొడితే అది నేరుగా అమెరికా వెళ్ళిపోతుంది. ఇద్దరికీ తేడా వస్తే నా దగ్గరికి వస్తుంది. ఏది సరైనదో చూసి ఖాయం చేసేది నేను. ఆ కుర్చీ నాది. ఆఫీసులో ఉన్న ఆ ఒక్క కుర్చీనే నేను ఉద్యోగం అనుకునేదాన్ని.

ఒక నెలలో ప్రకాశ్ గారు రెడ్డెమ్మను రెండుసార్లు తన గదిలోకి పిలిచి తలుపు వేసుకున్నారు. బయటికి వచ్చాక ఆమె ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. అడగకుండానే నాకు అంతా తెలిసిపోయింది. నా కుర్చీ ఆమెకు ఇస్తున్నారు. లేదా నా మీద చాడీలు చెప్పించుకుంటున్నారు. రిలీజ్ కాగితంలో ఒక ముద్ర సరిగా పడలేదని, దాని కోసం పిలిచారని నాకు తర్వాత తెలిసింది. ఆమె ఆఫీసు వదిలాక.

అలాంటి రోజుల్లోనే ఆ కాగితం నా దగ్గరికి వచ్చింది. ఇటలీ నుంచి వచ్చిన ఒక రాళ్ళ పనివాడు పౌరుడైన కాగితం. పుస్తకంలోది కాదు, విడి కాగితం. సంవత్సరంలో మొదటి మూడు అంకెలు అచ్చులో ఉన్నాయి. చివరి అంకె చేత్తో వేశారు. రెడ్డెమ్మ ఒకటి అని కొట్టింది. ఇంకో టైపిస్టు, మలయాళీ అమ్మాయి, ఏడు అని కొట్టింది. నాకూ ఏడులాగే కనిపించింది. ముందు పైకి లేచిన గీత, తర్వాత కిందికి దిగిన గీత.

నేను అడగకుండానే రెడ్డెమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది. అదే గుమస్తా రాసిన ఇంకో నాలుగు కాగితాలు తెరిచి చూపించింది. ఆయన ఏడు వేస్తే నడుముకు అడ్డంగా చిన్న గీత పెడతాడు. ఒకటి వేస్తే పెట్టడు, కానీ పైకి గీత లాగి కిందికి దించుతాడు. ఇందులో అడ్డగీత లేదు. కాబట్టి ఒకటే. ఎంత తేటగా చెప్పిందంటే, వింటూనే నాకు అర్థమైంది. ఒకటే అని తెలిసింది. ఈ మాట నాలుగేళ్ళలో ఎప్పుడూ నాకు నేను చెప్పుకోలేదు. తెలిసింది. కానీ చుట్టుపక్కల వాళ్ళు తలలెత్తి చూస్తున్నారు. ప్రకాశ్ గారి గది తలుపు తెరిచి ఉంది. నాకు పాఠం చెప్పించడానికే ఈమెను పంపారా అనిపించింది.

నేను చూసుకుంటాలే అన్నాను. ఆమె వెళ్ళి కూర్చుంది. నేను ఏడు ఖాయం చేశాను.

ఏడాది తర్వాత అమెరికా నుంచి ఫిర్యాదు వచ్చింది. ఆ రాళ్ళ పనివాడి వంశంలో ఒక పెద్దావిడ, మా అంకెను నమ్ముకుని ఇటలీ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుందట. ఆయన అమెరికా పౌరుడు కాకముందే కొడుకు పుట్టి ఉంటే ఆమెకు హక్కు వస్తుంది, అయ్యాక పుట్టి ఉంటే రాదు. మా ఏడు ప్రకారం వస్తుంది. ఆయన ప్రమాణం చేసిన కోర్టువాళ్ళు తమ అసలు పుస్తకం తీసి చూస్తే ఒకటి ఉంది. ఇటలీవాళ్ళు దరఖాస్తు కొట్టేశారు. ఎవరు చేసిన తప్పో తేల్చి చెప్పమని కంపెనీ ప్రకాశ్ గారికి రాసింది. ఆయన ఆ ఉదయమే నాకు చెప్పారు, మధ్యాహ్నం కూర్చుని చూద్దాం మేడం అని.

మధ్యాహ్నపు జొహర్ నమాజు వేళ సగం మంది కిందికి వెళ్ళారు. మిగిలినవాళ్ళు అన్నాలు తింటున్నారు. నేను ఆ కాగితం తెరిచాను. ఎప్పుడైనా టైపిస్టు పొరపాటు పడి వచ్చి చెబితే సరిదిద్దడానికి, వాళ్ళు టైపు చేసిన గళ్ళలోకి వెళ్ళే వీలు నాకుంది. రెడ్డెమ్మ గడిలో ఒకటి ఉంది. దాన్ని చెరిపి ఏడు కొట్టాను. ఇద్దరూ ఏడే కొట్టినట్టు అయింది. అంటే తేడా లేదు. అంటే ఆ కాగితం నా దగ్గరికి రానేలేదు. ఒక్క అంకెతో నేను ఆ గదిలోనే లేకుండా పోయాను. మలయాళీ అమ్మాయి అప్పటికే ప్రసవానికని ఊరు వెళ్ళిపోయింది. మిగిలింది రెడ్డెమ్మ ఒక్కతే.

ఆకలి చచ్చిందా? లేదు. నాకు బాగా గుర్తు. తర్వాత పెరుగన్నం తిన్నాను.

మధ్యాహ్నం ముగ్గురం ప్రకాశ్ గారి గదిలో కూర్చున్నాం. ఆయన స్క్రీన్ మా వైపు తిప్పారు.

"రెడ్డెమ్మా, నువ్వు ఏడే కొట్టినవ్. గిక్కడ కనబడుతున్నది."

ఆమె ముందుకు వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"నేను ఒకటి కొట్టినా సార్. నాకు బాగా గ్యాపకం ఉండాది. నాలుగు కాగితాలు తీసి అక్కకు చూపిచ్చినా గూడా." నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పక్కా."

"నాకు గుర్తు లేదండి," అన్నాను ప్రకాశ్ గారితో. "రోజుకు ఎన్నో చూస్తాను."

"గుర్తు లేదంటే ఎట్ల మేడం. రాసి పంపాలె నేను. చూపించిందా, లేదా?"

ఇక్కడ ఆగితే బాగుండేది. గుర్తు లేదు అన్న దగ్గర నిలబడి ఉంటే ఇవాళ కనీసం ఒక మెట్టు పైన ఉండేదాన్ని. ఆయన నన్ను తప్పించుకోనివ్వలేదని అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. కానీ ఆయన అడిగింది ఒక్క ప్రశ్నే. జవాబు నాదే.

"లేదండి. చూపించలేదు."

రెడ్డెమ్మ నన్ను చూసింది. కోపంగా కాదు. అర్థంకాని చేతిరాతను చూసేటప్పుడు తల కొంచెం వాల్చేది కదా, అలా. తర్వాత, "సరే సార్" అన్నది. లేచి తన బల్ల దగ్గరికి వెళ్ళింది. ఇంకేమీ ఎందుకనలేదు? గొడవ పెట్టుకోవచ్చు, ఏడవచ్చు, నన్ను తిట్టవచ్చు. ఆ సరే వెనుక ఏముందో అని నేను ఎన్ని రోజులు తవ్వానో చెప్పలేను.

ఇంకొకటి కూడా తవ్వాను. కంప్యూటర్లో ఏ గడి ఎప్పుడు మారిందో రాసి ఉంటుంది. చూడాలనుకుంటే ప్రకాశ్ గారు చూడగలరు. ఎందుకు చూడలేదు? తోచలేదా? లేక చూసి, ఇంజనీరు భార్యను పంపడం కంటే ఇంటిపని నుంచి వచ్చిన మనిషిని పంపడం సులువని ఊరుకున్నారా? ఆ తర్వాత ఆయన నాకు గుడ్ మార్నింగ్ చెప్పినప్పుడల్లా ఆ గొంతులో ఏదో వెతికేదాన్ని.

ఆ నెలాఖరుకు ఆమెను తీసేశారు. ఖలాస్ అని ఒక్క మాటతో అయిపోయింది. కంపెనీ వీసాకు మారింది కాబట్టి పాత ఇంటికి తిరిగి వెళ్ళే దారి లేదు. గడువు లోపల వీసాకు పూచీ పడే ఇంకో కఫీల్ దొరకాలి, లేదంటే దేశం వదలాలి. వఫ్రాలో ఏదో తోటలో పనికి కుదిరిందని ఎవరో అన్నారు.

మూడు నెలల తర్వాత ఒక శుక్రవారం, కూరగాయలు తాజాగా దొరుకుతాయని మా ఆయనకు చెప్పి వఫ్రా తీసుకెళ్ళమన్నాను. ఎందుకు వెళ్ళాను? చెప్పేద్దామనా? లేక ఆమె ఎవరికైనా చెబుతోందేమో కనిపెట్టడానికా? రెండోదే ఎక్కువ అనుకుంటాను. మూడు తోటలు తిరిగాక ఒక రేకుల షెడ్డులో కనిపించింది. దోసకాయలు పెట్టెల్లో సర్దుతోంది. నన్ను చూసి లేచి వచ్చింది. ఎండకు ముఖం నల్లబడింది. బాగుండావా అక్కా అని అడిగింది. మా ఆయన కారు దగ్గర ఫోనులో ఉన్నారు.

కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక ఆమె చేతులు తుడుచుకుని, ఫహాహీల్‌లో ఒక టైపింగ్ ఆఫీసువాళ్ళకు మనిషి కావాలంట అన్నది.

"మా ఆఫీసులో పని చేసింది, నాకు తెలుసు, రాతలు బాగా చదువుతాది అని ఒక కాగితం రాసియ్యక్కా. నువ్వు పెద్ద చదువు చదివినావు, నీ సంతకం ఉంటే చాలు."

చూస్తాను అన్నాను. నంబరు తీసుకున్నాను. కారెక్కాను.

రాయలేదు.

అంకె మార్చింది భయంలో చేశాను అని మీతో వాదించగలను. ఇది మాత్రం భయం కాదు. మూడు వారాలు తీరిగ్గా కూర్చుని లెక్క వేసుకుని రాయకుండా ఉన్నాను. ఆమె రాతలు బాగా చదువుతుందని నా చేత్తో రాసి ఇస్తే, అదే కాగితం రేపు ప్రకాశ్ గారి బల్ల మీదికి వస్తే? అంత బాగా చదివే మనిషి ఒకటిని ఏడని ఎందుకు కొట్టింది అని అడిగితే? నన్ను పట్టించడానికే ఆమె ఆ కాగితం అడిగి తెలివిగా వల వేసిందేమో అనుకున్నాను. అంటే నేను ముంచిన మనిషి బతకడానికి చెయ్యి చాపితే, ఆ చేతిలో కత్తి ఉందేమోనని చూశాను. ఆమె రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. తర్వాత చేయలేదు. ఆరు నెలలకు నంబరు పనిచేయడం మానేసింది. ఇండియా వెళ్ళిపోయిందన్నారు.

మా ఆఫీసు కూడా మూతపడింది. అమెరికా కంపెనీ ఇప్పుడు ఆ పని యంత్రాల చేత చేయిస్తోందట. నేను కుర్చీ కోసం చేసిన దానికి చివరికి కుర్చీ కూడా లేదు. దీన్ని శిక్ష అనుకుందామని చూశాను. కాదు. ఆఫీసు అందరికీ మూతపడింది.

ఈ మధ్య మా అపార్ట్‌మెంటులో ఇళ్ళు శుభ్రం చేయడానికి వచ్చే మస్తానమ్మ, మాటల్లో తనది ఏ ఊరో చెప్పింది. రెడ్డెమ్మది ఆ పక్క ఊరే. అడిగాను. తెలుసట. రెండేళ్ళ కిందట మళ్ళీ ఇంటిపని వీసా మీద వచ్చి జహ్రాలో ఒక పెద్ద ఇంట్లో చేస్తోందట. గడప బయటికి రానివ్వని ఇల్లట, ఫోను శుక్రవారం పూట మాత్రమే ఇస్తారట.

ఆ రోజే కూర్చుని ఆ కాగితం రాశాను. నాలుగేళ్ళ తర్వాత. మా దగ్గర రెండున్నరేళ్ళు పనిచేసిందనీ, పాత చేతిరాతలు చదవడంలో ఆమె అంతటివాళ్ళను నేను చూడలేదనీ, నిజాయితీ గల మనిషి అనీ ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టాను. బాగా రాశాను. నాకే నచ్చింది. మస్తానమ్మకు ఇచ్చి, అందులో ఏముందో తెలుగులో విడమరిచి చెప్పాను. శుక్రవారం ఆమె ఫోనులో రెడ్డెమ్మకు అంతా చెప్పిందట.

ఏమన్నది అని అడిగాను.

"అంతా ఇని, అంతేనా రాసింది అని అడిగింది. అంతే అన్నా. అయితే నాకొద్దులే, ఆమెకే తిరిగిచ్చెయ్ అనింది."

మస్తానమ్మ కాగితం బల్ల మీద పెట్టి బకెట్ తీసుకుని పనిలోకి వెళ్ళింది. ఆమెకు ఏమీ తెలియదు. లేక తెలిసీ నా ముఖం చూడలేక వెళ్ళిందా? అప్పుడు కూడా నాకు అదే ఆలోచన.

అంకె మార్చింది నేనేనని రెడ్డెమ్మకు మొదటి రోజు నుంచే తెలుసు. వఫ్రాలో దోసకాయల పెట్టెల దగ్గర నిలబడి కాగితం అడిగినప్పుడూ తెలుసు. తెలిసే అడిగింది. నన్ను పట్టించడానికి కాదు. నా చేత ఒక్క నిజం రాయించుకుని, మిగతాది వదిలేద్దామనుకుందేమో. ఇది కూడా నా ఊహే. ఆమె మనసును ఊహించే హక్కు నాకుందా? లేదనే అనుకుంటున్నాను.

అంతేనా అన్నదానికి జవాబు ఇది. ఆమె ఒకటి కొట్టింది. నాకు చూపించింది. నాకు అర్థమైంది. అయినా ఏడు ఖాయం చేశాను. తర్వాత ఆమె గడిలోకి వెళ్ళి దాన్ని మార్చాను, ఆమె ఎదుటే అబద్ధం చెప్పాను, కాగితం అడిగితే ఇవ్వలేదు. జహ్రా వెళ్ళి ఆ ఇంటి గేటు ముందు నిలబడి ఇదే చెప్పే ధైర్యం ఇవాళ్టికి లేదు. రేపు వస్తుందని మాట ఇవ్వను. నా మాట మీద నాకే నమ్మకం లేదు.

కానీ ఇది రాశాక, చాలా కాలం తర్వాత, గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. గొంతులో ఏదీ అడ్డం రాలేదు. ఆ ఊపిరికి నాకు అర్హత ఉందో లేదో మీరే చూసుకోండి.